మూడో కేసు

జూన్ 3, మంగళవారం

ఇవాళ నోటీసు పెట్టేశారు. జూలై ఒకటి నుంచి మా ఆస్పత్రిలో రెసిడెన్సీ శిక్షణకి కొత్త పెద్దలు ఇద్దరు. ఇన్నాళ్ళూ నేనొక్కదాన్నే చేసిన పనికి ఇద్దరు కావలసి వచ్చారు. ఇందులో గర్వపడాల్సిందేమీ లేదు, ఊరికే రాసి పెట్టుకుంటున్నాను.

పెద్ద కుర్చీ నిదానానిది. మా దగ్గర శిక్షణలో ఉన్న కుర్ర డాక్టర్లు, అదే రెసిడెంట్లు, పెట్టిన పేరు అది. ఏదడిగినా కాసేపు ఆలోచించుకుని గాని నోరు విప్పదు. ఈలోగా అడిగినవాడికి గడ్డం పెరుగుతుంది. నా దగ్గర పని నేర్చుకున్న పిల్లే. చిన్న కుర్చీ సైకిల్ డాక్టరుది. వానొచ్చినా సైకిలు మీదే వస్తాడు, గొలుసులో పడకుండా ప్యాంటుకి పెట్టుకున్న క్లిప్పు తియ్యడం మరిచిపోయి అలాగే వార్డుల్లో తిరుగుతాడు. ఇద్దరూ మంచివాళ్ళు. నాకెంతో సంతోషంగా ఉంది.

దిగిపోతానని అడిగింది నేనే కదా, ఇంక బాధెందుకు? ఎందుకూ లేదు. ఓపీ ఉంటుంది, గురువారం ఎనిమిది గంటల తరగతి ఉంటుంది. పేషెంటు మంచం చుట్టూ రెసిడెంట్లని నిలబెట్టి పాఠం చెప్పే ఆ తరగతి మొదలుపెట్టిందే నేను. దాన్నెవరు ముట్టుకుంటారు? ఎవరూ ముట్టుకోరు.

మా ఆయన బతుకంతా రేడియోలో వార్తలు చదివి రిటైరయ్యారు. ఆయనేమైనా బెంగపెట్టుకున్నారా? లేదు. ఆ రోజు ఇంట్లోకి రాగానే "హాయిగా ఉంది కదూ" అని అడిగాను, తలూపారు. అంతే, అయిపోయింది.

జూన్ 5, గురువారం

తరగతి చాలా బాగా జరిగింది. రెండు కాళ్ళూ వాచిన ఒక వ్యాను డ్రైవరు మంచం దగ్గర నిలబెట్టాను అందరినీ. ఈ వాపు ఎందుకొచ్చింది అని అడిగాను. గుండె నీరసపడి, అని చెప్పాను. అక్కణ్ణుంచి గంట కొట్టినట్టు సాగిపోయింది పాఠం. పిల్లలు నిశ్శబ్దంగా విన్నారు. సూది పడితే వినిపించేంత నిశ్శబ్దం.

కేసు చెప్పాల్సిన అమ్మాయి రెండుసార్లు నోరు తెరిచి మూసింది. ఈ అమ్మాయికి నేను గొణుగుడు అని పేరు పెట్టుకున్నాను, ఇక్కడే, పైకి కాదు. డాక్టరు పట్టా పుచ్చుకుని రెండేళ్ళ నుంచి మా దగ్గర పని నేర్చుకుంటోంది. ఇప్పటిదాకా ఆ పిల్ల పూర్తి వాక్యం విన్న పాపాన పోలేదు. భయస్తురాలు, ఇంకేముంది.

జూన్ 6, శుక్రవారం

వ్యాను డ్రైవరు గుండె భేషుగ్గా ఉందట. కొత్తగా మొదలుపెట్టిన బీపీ మాత్ర వల్ల కాళ్ళు వాచాయట. మాత్ర మార్చారు. గొణుగుడుకి ఆ సంగతి నిన్న పొద్దున్నే తెలుసట. తెలిస్తే చెప్పొచ్చుగా? నోట్లో ఏం పెట్టుకుందో. ఈ సంగతి చెబుతూ నిదానం నా వంక అదోలా చూసింది. అలసట వల్ల అయివుంటుంది.

జూన్ 9, సోమవారం

జూలై నుంచి అమలయ్యే టైంటేబులు వచ్చింది. గురువారం ఎనిమిది గంటల గడి ఖాళీగా ఉంది. పని కొత్త కదా, మరిచిపోయారు.

చెబుదామని నిదానం గదికి వెళ్ళాను. "గురువారం గడి పొరపాటున వదిలేశావు కదూ? పోనీలే, దిద్దెయ్యి" అన్నాను. పాపం ఏదో అనబోయింది. సిగ్గుపడుతోందని అర్థమై, పొరపాట్లు అందరికీ జరుగుతాయని భుజం తట్టి వచ్చేశాను. పాత పెద్దలు కొత్తవాళ్ళతో ఇలా ఉంటే ఎంత బాగుంటుంది.

ఇరవై ఏడున స్వాగత సభ. మా దగ్గర కొత్త పెద్దలకి పూలగుత్తులివ్వరు. రెసిడెంట్లు వాళ్ళని పేషెంట్లని చేసి, అందరి ముందూ కేసు చెబుతారు. వయసు, ఫిర్యాదు, ఎన్నాళ్ళ నుంచి, ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉందా, అన్నీ. అందుకోసం ముందే వాళ్ళ ఇళ్ళకి దొంగచాటుగా ఫోన్లు చేసి గుట్టు లాగుతారు. పేరు మాత్రం చెప్పరు. చివర్లో లేచి ఫలానా మనిషి, ఫలానా రోగం అని తేల్చేది నేను. నేను కుర్చీ ఎక్కిన ఏడు నాకు 'తొందర జ్వరం' అని తేల్చారు అప్పటి పెద్దాయన. కుర్రకారు ఎంత నవ్వారో. ఇప్పుడు తగ్గిపోయింది.

జూన్ 11, బుధవారం

మా ఆయన ఫోను పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. నేను గాజు తలుపు దగ్గరికి వెళ్ళేసరికి తేలు కుట్టిన దొంగలా చూసి పెట్టేశారు. రాత్రి భోజనం సగంలో లేచిపోయారు. ఎందుకు? నలభై ఏళ్ళ వైద్యం చేసినదానికి ఈపాటి తెలియదా? ఆయనకేదో జబ్బు పట్టుకుంది. నాకు తెలియకుండా ఇంకో డాక్టరుతో మాట్లాడుతున్నారు.

జూన్ 12, గురువారం

తరగతి బాగా జరిగింది. సైకిల్ డాక్టరు వచ్చి వెనకాల నిలబడ్డాడు. నేర్చుకుందామని.

జూన్ 14, శనివారం

మా ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి రక్తం తీశాను. ఎందుకని అడిగారు. ఎందుకో మీకే తెలుసన్నాను. "అది కాదు, నిజానికి నేను..." అని మొదలుపెట్టారు. ధైర్యంగా ఉండండి, ఏదైనా కలిసే ఎదుర్కొందాం అన్నాను. నోరు మూసుకుని చెయ్యి చాపారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు చూశాను. ఇప్పుడు ఆలోచిస్తే నవ్వు ఆపుకున్నట్టు కూడా అనిపిస్తోంది. భయంలో కొందరికి అలా అవుతుంది.

జూన్ 16, సోమవారం

షుగరు, థైరాయిడు, కాలేయం, మూత్రపిండాలు, అన్నీ బంగారంలా ఉన్నాయి. అదే నా భయం. పరీక్షలకి అందని జబ్బన్నమాట. రేపు ఎక్స్‌రే.

దిద్దిన టైంటేబులు కూడా వచ్చింది. గురువారం గడి ఇంకా ఖాళీ.

జూన్ 17, మంగళవారం

నాకేం లేదు.

జూన్ 18, బుధవారం

గది సర్దాను. ఎముకల బొమ్మకి దుమ్ము దులిపాను. చేతులున్న నా పాత కుర్చీ తిరిగినప్పుడు మూలుగుతుంది, దానికి నూనె వేశాను. కింద కూర్చుని నూనె వేస్తూండగా సైకిల్ డాక్టరు వచ్చి, ఇవన్నీ మీకెందుకు మేడమ్, మేం చూసుకుంటాం కదా అన్నాడు. మీ సైకిలు గొలుసుకే నూనె వేసుకోరు, నా కుర్చీకేం వేస్తారు అన్నాను. నవ్వాడు. నవ్వి, పోకుండా అక్కడే నిలబడ్డాడు. ఏదో చెప్పాలనుకున్నాడు. ఏముంటుంది, సాయం కావాలా అనే. వద్దని పంపించేశాను.

జూన్ 20, శుక్రవారం

సాయం కాదు.

ఇవాళ సైకిల్ డాక్టరు గదిలోకి వచ్చి తలుపుకి ఆనుకుని నిలబడి, నేను మధ్యలో ఎన్నిసార్లు అడ్డం వచ్చినా చెప్పాల్సింది చెప్పేదాకా కదల్లేదు. గురువారం గడి పొరపాటు కాదట. ఆ తరగతి తీసేశారట. ఆ గంటలో పిల్లలు మాట్లాడే తరగతి ఏదైనా పెడదామని ఇద్దరూ అనుకున్నారట.

"మాట్లాడొద్దని నేనెప్పుడన్నాను?" అని అడిగాను.

అతను జవాబు చెప్పబోయేలోపు, ఎప్పుడూ అనలేదు అని నేనే చెప్పాను. తలొంచుకుని వెళ్ళిపోయాడు. క్లిప్పు ప్యాంటుకే ఉంది.

వాళ్ళ పెద్దరికం వాళ్ళది. కుర్చీ తీసుకున్నారు, గది తీసుకున్నారు, నేను కిక్కురుమనలేదు. ఈ ఒక్కటి ఉంచితే వాళ్ళ సొమ్మేం పోయింది? నాకు కోపంగా ఉంది. కోపం కూడా కాదు, చిన్నపిల్లలా ఏడవాలని ఉంది. ఇక్కడ తప్ప ఎక్కడా అనను.

జూన్ 21, శనివారం

నేను ఎవర్నీ మాట్లాడనివ్వనా అని మా ఆయన్ని అడిగాను. ఆయన కాఫీ కప్పు కింద పెట్టి, గొంతు సవరించుకుని, వార్తలు చదివే ముందు కూర్చున్నట్టు నిటారుగా కూర్చున్నారు. అంత ఆలోచించాల్సి వచ్చిందంటే లేదనే కదా, పోనీండి, మీరైనా నన్ను అర్థం చేసుకున్నారు అని లేచి వచ్చేశాను.

ఎక్స్‌రే కూడా బాగుంది. ఏమిటో ఈయన జబ్బు.

జూన్ 26, గురువారం

నా చివరి తరగతి. ఏం చెప్పానో గుర్తులేదు. పిల్లలు సూది పడితే వినిపించేంత నిశ్శబ్దంగా ఉన్నారు. ఈసారి ఆ నిశ్శబ్దం నాకు నచ్చలేదు.

జూన్ 27, శుక్రవారం

రాయాలో వద్దో తెలియడం లేదు. రాస్తాను.

సభ నాలుగింటికి. నర్సులు, రెసిడెంట్లు, ఓపీలో చీటీలిచ్చేవాళ్ళు, అందరూ వచ్చారు. బిస్కెట్లు, టీ. నిదానం, సైకిల్ డాక్టరు ముందు వరుసలో కూర్చున్నారు, సూది మందుకి వచ్చిన పిల్లల్లా. ముఖాలు చూస్తే జాలేసింది. వాళ్ళ మీద కోపంగా ఉన్నానని గుర్తు చేసుకున్నాను.

మొదటి కేసు. నలభై దాటిన స్త్రీ, తనకి ఏ ఫిర్యాదూ లేదు, ఫిర్యాదంతా ఆమె కోసం వాకిట్లో చెప్పులు వేసుకుని నిలబడ్డవాళ్ళది. సమాచారం ఇచ్చింది అత్తగారు. ఈ పేషెంటు పెళ్ళిచూపుల్లో అబ్బాయి నచ్చాడా అని అడిగితే ఆలోచించి చెబుతానందట, ఇప్పటిదాకా చెప్పలేదట. హాలంతా ఘొల్లుమంది. ఆ నవ్వు ఆగే లోపలే నేను లేచి నిదానమని తేల్చేశాను. రెండో కేసుకి అంత కూడా ఆగలేదు, 'రెండు చక్రాలు' అనగానే చెప్పేశాను. చప్పట్లు కొట్టారు. కడసారి కూడా నా గురి తప్పలేదని మురిసిపోయి కూర్చున్నాను.

అప్పుడు గొణుగుడు లేచింది. ఇంకో కేసు ఉందంది. నాకు చెప్పినవి రెండే.

అరవై దాటిన స్త్రీ అని మొదలుపెట్టింది. మన హెడ్ నర్సు, అన్నాను వెంటనే. హెడ్ నర్సు తనకి యాభై మూడేనని హాలు దద్దరిల్లేలా చెప్పింది. నవ్వులు ఆగేదాకా గొణుగుడు నిలబడే ఉంది. తర్వాత గొణగలేదు. వెనక వరుస దాకా వినిపించేలా చెప్పింది.

"పేషెంటు తనంతట తాను రాలేదు. ప్రధాన ఫిర్యాదు, 'నాకేం లేదు'. ఈ నెల మొదటి నుంచి ఎక్కువైంది. సమాచారం ఇచ్చింది భర్త. నమ్మదగిన మనిషే, కానీ అలవాటు కొద్దీ సగం సగం వాక్యాలే చెప్పారు."

వెనక్కి తిరిగి చూశాను. చివరి వరుసలో ఇస్త్రీ చొక్కా వేసుకుని మా ఆయన. బాల్కనీ, ఫోను, అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. ఏ జబ్బూ లేదన్నమాట ఈ మనిషికి. ఆ సంతోషం కోపం కంటే ముందొచ్చింది, అది నిజం.

ఆ పిల్ల ఊరుకోలేదు. పేషెంటు తన కుర్చీకి నూనె వేస్తూ దొరికిందని, ఆరోగ్యంగా ఉన్న భర్తకి రక్తపరీక్షలు చేసిందని, ఎక్స్‌రే కూడా వదల్లేదని చెప్పింది. జనం పొట్టలు పట్టుకున్నారు. నేనూ నవ్వాను, నవ్వక చస్తానా. తర్వాత ఆమె అంది.

"పేషెంటు ప్రశ్న వేస్తారు. జవాబూ ఆవిడే చెబుతారు. ఆవిడ జవాబులు మా అందరికీ కంఠతా వచ్చు. మా జవాబులు ఎలా ఉంటాయో మాకింకా తెలియదు."

ఎవరూ నవ్వలేదు. వ్యాను డ్రైవరు కాళ్ళు నా కళ్ళ ముందుకొచ్చాయి.

"కిందటేడు మా నాన్న పోయినప్పుడు ఈ పేషెంటు నన్ను ఏమీ అడగలేదు. ఏమీ చెప్పలేదు. నా డ్యూటీలు తను చేశారు. నేను తిరిగొచ్చాక పక్కన కూర్చుని ఊరుకున్నారు. కాబట్టి ఊరుకోవడం ఆవిడకి వచ్చు. నయమయ్యే జబ్బే అని మా అభిప్రాయం. మీరేం తేలుస్తారు మేడమ్?"

హాలంతా నా వైపు చూస్తోంది. ఇన్నేళ్ళలో మొదటిసారి, నాకు తెలియదమ్మా అన్నాను. గొణిగినట్టే వచ్చింది మాట.

మందు చెప్పడానికి నిదానం లేచింది. యథాప్రకారం ఆలోచించింది. ఆమె వాక్యం నేను పూర్తి చెయ్యకుండా ఉండటం ఇదే మొదటిసారి అనుకుంటాను.

"గురువారం తరగతి మీరే తీసుకోండి మేడమ్. మీ తరగతిలో మంచం పక్కన నేర్చుకున్నదాంతోనే మేమిద్దరం ఇవాళ్టికీ అన్నం తింటున్నాం. కాకపోతే ఒకటే పథ్యం. ప్రశ్న వేశాక, మీరు కాక ఇంకెవరైనా మాట్లాడేదాకా మీరు మాట్లాడకూడదు."

చప్పట్లు. టీ. అందరితో చేతులు కలిపాను, కొత్త పెద్దలకి నా చేత్తోనే గది తాళాలిచ్చాను. ఇంటికి వచ్చేటప్పుడు కారులో దారంతా ఒక్క మాట మాట్లాడలేదు. మా ఆయన ఒకట్రెండు సార్లు బండి ఆపి, ఒంట్లో బాగానే ఉందా అని అడిగారు.

జూన్ 28, శనివారం

అందరి ముందూ అలా అంటారా?

జూన్ 29, ఆదివారం

అన్నారు. నిజమే అన్నారు. నిజమైనంత మాత్రాన నొప్పి ఉండదా?

జూలై 1, మంగళవారం

ఆ తరగతి నేను తీసుకోను. నిర్ణయించేసుకున్నాను. పథ్యాలూ పత్తికాయలూ నా వల్ల కాదు. నిదానానికి ఆ సంగతి చెబుదామని వెళ్ళాను. నా కుర్చీలో కూర్చుని ఉంది. కుర్చీ మూలగడం లేదు. ఎలా ఉంది ఈ కుర్చీ అని అడిగాను. అడిగి ఊరుకున్నాను, చూద్దామని. చాలాసేపు ఆలోచించి, "భయంగా ఉంది మేడమ్" అంది.

సౌకర్యంగా ఉందంటుందని అనుకున్నాను. నేను మొదటిసారి కూర్చున్నప్పుడు నాకూ భయమేసింది. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆమె ఎదురుగా పేషెంట్ల స్టూలు మీద కూర్చుండిపోయాను. చెప్పాలనుకున్నది చెప్పకుండానే వచ్చేశాను.

జూలై 3, గురువారం

ఊరికే ఒకసారి చూసి వద్దామని వెళ్ళాను. పిల్లలు మంచం చుట్టూ నిలబడి ఉన్నారు, నా చోటు వదిలి. సరేనని నిలబడ్డాను.

పేషెంటు ఒక యాభై ఏళ్ళావిడ. కొన్ని నెలలుగా ఆయాసం, దగ్గు. ఛాతీ ఎక్స్‌రే బాగుంది. "ఈమెకి ఆయాసం ఎందుకొస్తోంది?" అని అడిగాను.

జవాబు నాలిక చివర ఉంది. ఒకటి కాదు, నాలుగున్నాయి. నా అరచెయ్యి నేనే గిల్లుకున్నాను. ఫ్యాను తిరుగుతోంది. రెసిడెంట్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇంత సేపు నేను నోరు మూసుకుంటానని వాళ్ళే నమ్మలేదు, అందుకని ఎవరూ సిద్ధంగా లేరు. ఇంక నా వల్ల కాదు, చెప్పేస్తాను అనుకుంటూండగా మంచం మీంచి మాట వినిపించింది.

"నేను మాట్లాడొచ్చాండీ? ఆదివారాలు మాత్రం నాకు ఆయాసం రాదు."

ఇన్నేళ్ళ గురువారాల్లో పేషెంటు మాట్లాడటం ఇదే మొదలు. వాళ్ళకి చెప్పేది ఉంటుందని నాకు తట్టనే లేదు. ఆదివారం ఏం చేస్తారండీ అని గొణుగుడు అడిగింది. ఇంట్లో ఉంటానంది. మిగతా రోజులు? బేకరీలో పిండి కలుపుతుందట, పొద్దుటి నుంచి ఆ పొడిలోనే. ఒక రెసిడెంటు తప్పు చెప్పాడు. ఇంకొకామె ఆ తప్పు దిద్దబోయి ఇంకో తప్పు చెప్పింది. సంతలా అయింది వార్డు. చివరికి గొణుగుడు, ఆ పిండి పొడి వల్లే ఊపిరితిత్తులు బిగుసుకుంటున్నాయేమో, పనిలో ఉన్నప్పుడు ఊపిరి కొలిచి చూద్దామంది. నా నాలుగు జవాబుల్లో అది లేదు. ఆ పిల్లకి పేరు మార్చాలి.

బయటికొస్తుంటే నిదానం వరండాలో నిలబడి ఉంది. వచ్చే గురువారం వస్తారా అని అడిగింది. ఆలోచించి చెబుతానన్నాను. నవ్వింది, ఎందుకో.

సాయంత్రం బాల్కనీలో మా ఆయన పక్కన కూర్చుని, ఆ రోజు భోజనం సగంలో ఎందుకు లేచారని అడిగాను. అడిగి ఆగాను. ఆయన అనుమానంగా చూశారు. ఇంకా ఆగాను.

"కూరలో ఉప్పు ఎక్కువైంది. చెబుదామనుకున్నాను" అన్నారు.

ఇద్దరం కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వుకున్నాం. నవ్వు అయ్యాక, మీరు రేడియో మానేసిన రోజు ఎలా ఉండిందని అడిగాను. హాయిగా ఉంది కదూ అనలేదు. ఆయన ఎదురింటి గోడ వైపు చూస్తూ చాలాసేపు కూర్చున్నారు. ఈ మనిషి ఇంత నిదానంగా మాట్లాడతారని నాకు తెలియదు. ఊరందరికీ వినిపించిన గొంతు, ఇంట్లో నాకే తెలియదు.

"ఆఖరి వార్తలయి స్టూడియోలో ఎర్ర దీపం ఆరిపోయాక కూడా మైకు ముందు అలాగే కూర్చున్నాను. ఎవరైనా లోపలికొచ్చి, ఎలా చదివానో ఒక మాట చెబుతారేమోనని" అన్నారు.

ఎవరైనా వచ్చారా అని అడిగాను. ఎవరూ వచ్చి ఉండరు అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఆయన నా చెయ్యి పట్టుకుని, మంచినీళ్ళు తాగి వచ్చి చెబుతానని లేచారు.

వంటింట్లో గ్లాసు చప్పుడవుతోంది. వస్తున్నారు. పెన్ను మూసేస్తున్నాను.